గీజర్ ఎన్ని ఆంప్స్ లాగుతుంది? సింగిల్ ఫేజా, త్రీ ఫేజా తేల్చుకునే లెక్క

గీజర్ కొనడానికి వెళ్లినవాళ్లు ఎన్ని లీటర్లు, ఎన్ని స్టార్లు, వారంటీ ఎన్నేళ్లు అని అడుగుతారు. ఎన్ని ఆంప్స్ లాగుతుందని అడిగేవాళ్లు అరుదు. గోడలో ఉన్న వైరుకు మాత్రం ఆ ఒక్క లెక్కే కావాలి. పొద్దున్నే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే తెంపే స్విచ్) పడిపోతున్నా, ప్లగ్గు పిన్ను నల్లబడుతున్నా, సాకెట్ కరిగి వాసన వస్తున్నా చాలాసార్లు గీజర్‌లో తప్పేమీ ఉండదు. అది లాగే కరెంటుకు సరిపడే దారి వేయలేదంతే. అందుకే ముందు ఆంప్స్ లెక్క చూసి, తర్వాత ఏ ఇంటికి ఏది నప్పుతుందో చూద్దాం.

## కొనేముందు ఇంట్లో చూసుకోవాల్సినవి

మొదటిది మీటరు. సింగిల్ ఫేజా (కరెంటు తెచ్చే తీగ ఒకటా), త్రీ ఫేజా (మూడా)? కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ ఎన్ని కిలోవాట్లని ఉందో చూడండి. బిల్లులో 2 కిలోవాట్లుండి ఇంట్లో 3 కిలోవాట్ల గీజర్లు రెండు నడుస్తుంటే, డిస్కం సెక్షన్ ఆఫీసులో లోడ్ పెంచమని దరఖాస్తు పెట్టుకోవాల్సిందే.

రెండోది బాత్రూమ్ పాయింటుకు వచ్చిన వైరు. 1.5 స్క్వేర్ ఎంఎమ్మా, రెండున్నరా, నాలుగా అన్నది ఊహించకండి. మెయిన్ ఆపించి, స్విచ్ బోర్డు విప్పించి, వైరు మీద ముద్రించిన అంకె చదివించండి. డీబీ (ఇంటి ఎంసీబీలన్నీ ఉండే పెట్టె) నుంచి ఆ పాయింటుకు విడిగా లైన్ వచ్చిందా, లేక పక్క గదిలో ఏసీ పాయింటు నుంచి లాగారా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. పాత ఇళ్లలో ఎక్కువగా దొరికే లోపం ఇదే.

మూడోది నీళ్ల అవసరం: ఎంతమందికి, ఎంతసేపట్లో కావాలి. నలుగురు గంట తేడాతో స్నానం చేసే ఇల్లు వేరు, 20 మంది ఆరున్నరకల్లా తయారయ్యే హాస్టల్ వేరు. నాలుగోది, ఒకేసారి ఎన్ని గీజర్లు నడుస్తాయి. ఫేజు ఎంపిక ఎక్కువగా ఈ నాలుగో ప్రశ్న దగ్గరే తేలుతుంది.

## సింగిల్ ఫేజ్ లెక్క

గీజర్ ఎలిమెంట్ అంటే వేడెక్కే తీగ చుట్ట. మోటార్‌లో లాగా ఇందులో పవర్ ఫ్యాక్టర్ (లాగే కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) గొడవ లేదు, అది 1 అనుకోవచ్చు. లెక్క ఒక్క భాగహారం:

ఆంప్స్ = వాట్లు ÷ వోల్టులు

2000 వాట్లను 230తో భాగిస్తే 8.7 ఆంప్స్. 3000 వాట్లకు 13.04. మనదేశంలో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ప్రమాణ వోల్టేజీ 230, రెండు ఫేజుల మధ్య 400. పాత పుస్తకాల్లో, కొన్ని నేమ్‌ప్లేట్ల మీద 240, 415 అని ఉంటుంది. తేడా కొంచెమే కానీ ఏది రాసి ఉంటే దానితోనే భాగించండి.

చాలామంది పొరబడే విషయం ఒకటుంది. వోల్టేజీ తగ్గితే మోటార్ ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి గీజర్ కూడా అంతే అనుకుంటారు. గీజర్ దానికి తిరగబడి ఉంటుంది. 230 వోల్టులకు చేసిన 2000 వాట్ల ఎలిమెంట్‌కు 200 వోల్టులే వస్తే అది 7.6 ఆంప్సే లాగి, సుమారు 1510 వాట్లే ఇస్తుంది. నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, వైరుకు ప్రమాదం లేదు. అర్ధరాత్రి, తెల్లవారుజామున లోడ్ తక్కువున్నప్పుడు వోల్టేజీ 250కి ఎక్కిందనుకోండి, అదే గీజర్ 9.5 ఆంప్స్ లాగి 2360 వాట్లు ఇస్తుంది. 2 కిలోవాట్ల గీజర్‌కు 10 ఆంప్స్ ఎంసీబీ లెక్కకు సరిపోయినట్టే కనిపించినా 16 పెట్టమనడం ఇందుకే.

| సరుకు | వాట్లు | 230 వోల్టుల దగ్గర ఆంప్స్ | ఎంసీబీ | రాగి వైరు (స్క్వేర్ ఎంఎం) | కనెక్షన్ |
|---|---|---|---|---|---|
| హీటర్ రాడ్ | 1000 | 4.3 | – | – | 6 ఆంప్స్ సాకెట్ |
| హీటర్ రాడ్ | 1500 | 6.5 | 16 | 2.5 | 16 ఆంప్స్ సాకెట్ |
| స్టోరేజ్ గీజర్ | 2000 | 8.7 | 16 | 2.5 | 16 ఆంప్స్ సాకెట్ |
| ఇన్‌స్టంట్ గీజర్ | 3000 | 13.0 | 16 | 2.5, దూరమైతే 4 | 16 ఆంప్స్ సాకెట్ |
| ఇన్‌స్టంట్ గీజర్ | 4500 | 19.6 | 25 | కనీసం 4, మేలైనది 6 | ప్లగ్గు లేకుండా నేరుగా |
| పెద్ద హీటర్ | 6000 | 26.1 | 32 | కనీసం 6, మేలైనది 10 | ప్లగ్గు లేకుండా నేరుగా |

ఎంసీబీ, వైరు ఎంచుకోవడానికి సూత్రం ఒకటే. గీజర్ లాగే కరెంటు కంటే ఎంసీబీ పెద్దదిగా ఉండాలి, ఎంసీబీ కంటే వైరు మోయగల కరెంటు ఎక్కువ ఉండాలి. పైపులో వేసిన రాగి వైరు సింగిల్ ఫేజ్‌లో సుమారుగా 1.5 అయితే 14, 2.5 అయితే 20, 4 అయితే 26, 6 అయితే 33 ఆంప్స్ మోస్తుంది. కంపెనీని బట్టి, ఒకే పైపులో ఎన్ని వైర్లు కుక్కారన్నదాన్ని బట్టి ఇది తగ్గుతుంది.

ఈ వరుస తెగితే ఏమవుతుందో చూడండి. 1.5 వైరు మీద 3 కిలోవాట్ల గీజర్ పెట్టి, 10 ఆంప్స్ ఎంసీబీ పదే పదే పడుతోందని దాన్ని 20కి మార్చేస్తారు. ఎంసీబీ పడటం ఆగిపోతుంది, వైరు మాత్రం వేడెక్కుతూనే ఉంటుంది. ప్రమాణం ప్రకారం ఎంసీబీ తన రేటింగ్‌కు 1.13 రెట్ల వరకు గంటసేపైనా పడకూడదు, 1.45 రెట్ల దగ్గర గంటలోపు పడాలి. అంటే 20 ఆంప్స్ ఎంసీబీ 22 ఆంప్స్‌ను గంట దాటినా వదిలేయవచ్చు. 14 ఆంప్స్ వైరుకు అది చావుదెబ్బ.

దూరం కూడా లెక్కలోకి వస్తుంది. డీబీ నుంచి బాత్రూమ్‌కు 20 మీటర్లనుకుంటే, పోనూ రానూ వైరు 40 మీటర్లు. 13 ఆంప్స్ పారితే 1.5 వైరులో దాదాపు 7 వోల్టులు పోతాయి, 90 వాట్ల వేడి గోడలోని పైపులోనే పుడుతుంది. అదే 2.5 వైరులో 4 వోల్టులు, 54 వాట్లు. 4 వైరులో 2.6 వోల్టులు, 33 వాట్లు. కొత్త ఇల్లు కడుతుంటే బాత్రూమ్‌లకు 4 వైరే లాగించండి. గోడ పూత అయ్యాక మార్చాలంటే అయ్యే ఖర్చు ముందు ఈ తేడా ఏపాటిది!

## సింగిల్ ఫేజ్‌లో ఏది ఎవరికి

హీటర్ రాడ్. అద్దె గదుల్లో ఉండేవాళ్లకు ఇదే ఆధారం. 1000 వాట్ల రాడ్ 6 ఆంప్స్ సాకెట్‌కు సరిపోతుంది. 1500 వాట్ల రాడ్ 6.5 ఆంప్స్ లాగుతుంది కాబట్టి ఫ్యాన్ స్విచ్ పక్కనున్న చిన్న సాకెట్‌కు అది పనికిరాదు. పిన్నుల మందం సరిపోక కన్వర్టర్ ప్లగ్గు తగిలించి వాడితే, కరిగేది ఆ కన్వర్టరే. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఏ రాడ్డూ వద్దు. నీళ్లలో చెయ్యి పెట్టి వేడి చూసేముందు స్విచ్ ఆపడమే కాదు, ప్లగ్గు కూడా పీకాలి. ఎందుకంటే పాత వైరింగ్‌లో స్విచ్ ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద ఉంటే, ఆపినా రాడ్‌లో కరెంటు ఉంటుంది.

2 కిలోవాట్ల స్టోరేజ్ గీజర్, 15 లేదా 25 లీటర్లు. ఎక్కువ ఇళ్లకు మా మొదటి సలహా ఇదే. కారణం ఆంప్సే: 8.7 అన్నది 16 ఆంప్స్ సాకెట్‌కు, 2.5 వైరుకు సగం బరువు. సమయం లెక్క కూడా సులువే. లీటర్లను ఎన్ని డిగ్రీలు పెరగాలో దానితో గుణించి, 1.163తో గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి. 25 డిగ్రీల నీళ్లు 60కి కాగాలంటే 15 లీటర్లకు 610 వాట్-అవర్లు, అంటే 0.61 యూనిట్. 2 కిలోవాట్ల మీద 18 నిమిషాలు. 25 లీటర్లకు ఒక యూనిట్, అరగంట. ట్యాంకు చుట్టూ వేడి జారిపోవడం స్టార్ లేబుల్‌లో లెక్కకు వస్తుంది, కాబట్టి రోజంతా ఆన్‌లో ఉంచే అలవాటున్న ఇంట్లో స్టార్లు చూసి కొనండి. వాడేముందే వేసి, అవ్వగానే ఆపేసే ఇంట్లో ఆ తేడా అంతగా తెలియదు.

3 కిలోవాట్ల ఇన్‌స్టంట్, 3 లీటర్లు. చిన్నది, చవక, వంటింటి సింకుకు చక్కగా సరిపోతుంది. షవర్‌కు సరిపోతుందా అంటే ఒక లెక్క ఉంది. కిలోవాట్లను 14.33తో గుణించి, పెరగాల్సిన డిగ్రీలతో భాగిస్తే నిమిషానికి ఎన్ని లీటర్లో వస్తుంది. 25 నుంచి 40 డిగ్రీలకైతే నిమిషానికి 2.9 లీటర్లు, 15 లీటర్ల బకెట్ ఐదు నిమిషాల్లో నిండుతుంది. ఆదిలాబాద్, అరకు వైపు చలికాలంలో ట్యాంకు నీళ్లు 15 డిగ్రీలకు దిగితే 1.7 లీటర్లే, బకెట్‌కు తొమ్మిది నిమిషాలు. షవర్ తిప్పితే గోరువెచ్చగా కూడా రావు. విజయవాడలో తృప్తిగా వాడిన మోడలే అక్కడ ఫిర్యాదుల పాలవుతుంది.

4.5 కిలోవాట్ల ఇన్‌స్టంట్. 15 డిగ్రీల నీళ్లకు కూడా నిమిషానికి 2.6 లీటర్లు ఇస్తుంది. కానీ 19.6 ఆంప్స్. 16 ఆంప్స్ సాకెట్‌లో పెట్టకూడదు. డెమో రోజున సాకెట్ బాగానే పనిచేస్తుంది, తేడా నెలల మీద తెలుస్తుంది: ముందు ప్లగ్గు వేడి, తర్వాత స్ప్రింగ్ పట్టు సడలడం, ఆ సడలిన చోట ఇంకా వేడి. దీనికి విడి లైను, 25 ఆంప్స్ డబుల్ పోల్ (ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి తెంపే) ఎంసీబీ, గీజర్ టెర్మినల్‌కు నేరుగా కనెక్షన్ కావాలి. ఇవి వేయించే ఉద్దేశం లేకపోతే ఈ మోడల్ కొనకండి.

లూజ్ కాంటాక్ట్ గురించి ఒక్క అంకె. స్క్రూ సరిగ్గా బిగించని చోట 0.1 ఓమ్ నిరోధం ఏర్పడిందనుకోండి. 8.7 ఆంప్స్‌కు ఆ చిన్న చుక్కలో 7.6 వాట్ల వేడి. 13 ఆంప్స్‌కు 17 వాట్లు. 19.6కు 38 వాట్లు, అంటే టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్ అంత వేడి, స్విచ్ బోర్డు లోపల. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు.

## త్రీ ఫేజ్ లెక్క

త్రీ ఫేజ్ హీటర్‌లో మూడు ఎలిమెంట్లు, ఫేజుకొకటి. లైన్ కరెంటుకు సూత్రం:

ఆంప్స్ = వాట్లు ÷ (1.732 × 400), అంటే వాట్లను 693తో భాగించడం.

| మొత్తం కిలోవాట్లు | త్రీ ఫేజ్‌లో ఒక్కో లైన్ ఆంప్స్ | అదే సింగిల్ ఫేజ్‌లో అయితే | ఎంసీబీ (4 పోల్) | రాగి వైరు (స్క్వేర్ ఎంఎం) |
|---|---|---|---|---|
| 6 | 8.7 | 26.1 | 16 | 2.5 |
| 9 | 13.0 | 39.1 | 16 | 2.5, దూరమైతే 4 |
| 12 | 17.3 | 52.2 | 20 | 4 |
| 18 | 26.0 | 78.3 | 32 | 10 |

6 కిలోవాట్ల వరుసలో ఉన్న 8.7ను పై పట్టికలోని 2 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ గీజర్‌తో పోల్చి చూడండి. అదే అంకె. మూడు ఫేజుల మీద మూడు 2 కిలోవాట్ల ఎలిమెంట్లున్నట్టే కదా. సూత్రం మర్చిపోయినా, మొత్తం వాట్లను మూడుతో భాగించి 230తో భాగిస్తే జవాబు అదే వస్తుంది.

త్రీ ఫేజ్ పెడితే యూనిట్లు తగ్గుతాయన్న మాట మార్కెట్లో గట్టిగా వినిపిస్తుంది. నీళ్లు కాగడానికి కావాల్సిన వేడి ఫేజును బట్టి మారదు: 15 లీటర్లకు 0.61 యూనిట్ అంటే ఎక్కడైనా 0.61. తగ్గేది వైరులో పోయే నష్టం. 9 కిలోవాట్లను ఒకే మందం వైర్ల మీద, ఒకే దూరం పంపితే, సింగిల్ ఫేజ్‌లో పోయే నష్టంలో ఆరో వంతే త్రీ ఫేజ్‌లో పోతుంది. మొత్తం బిల్లులో అది చిన్న ముక్క. త్రీ ఫేజ్ అసలు లాభం వేరే చోట ఉంది: 39 ఆంప్స్ ఒకే తీగ మీద పడకుండా 13 చొప్పున మూడింటి మీద పంచుకుంటాయి.

### స్టార్, డెల్టా: ఇక్కడ జరిగే తప్పు ఖరీదైనది

స్టార్‌లో ప్రతి ఎలిమెంట్ ఫేజుకూ న్యూట్రల్ బిందువుకూ మధ్య ఉంటుంది, దానికి 230 వోల్టులు. డెల్టాలో రెండు ఫేజుల మధ్య ఉంటుంది, దానికి 400. హీటర్ 9 కిలోవాట్లదే అయితే రెండిటిలోనూ లైన్ కరెంటు 13 ఆంప్సే. డెల్టాలో ఎలిమెంట్ లోపల పారేది మాత్రం 7.5.

ఎలిమెంట్ మార్చేటప్పుడు వోల్టేజీ చూడకుండా వాట్లే చూసి తెస్తారు. 3 కిలోవాట్ల, 230 వోల్టుల ఎలిమెంట్లను డెల్టాలో పెడితే ఒక్కోటి 9 కిలోవాట్లు లాగుతుంది. మొత్తం 27 కిలోవాట్లు, లైన్‌కు 39 ఆంప్స్. 16 ఆంప్స్ ఎంసీబీ కాసేపట్లోనే పడుతుంది. దాన్ని పెద్దది చేస్తే ఎలిమెంట్లు కాలతాయి. తిరగేసి, 400 వోల్టుల ఎలిమెంట్లను స్టార్‌లో పెడితే మూడో వంతే, అంటే 3 కిలోవాట్లే ఇస్తాయి. ఏదీ కాలదు, నీళ్లే కాగవు.

షాపులోనే మల్టీమీటర్‌తో తేల్చుకోవచ్చు. 3 కిలోవాట్లకు 230 వోల్టుల ఎలిమెంట్ సుమారు 17.6 ఓమ్‌లు చూపాలి, 400 వోల్టులదైతే 53 ఓమ్‌లు. మూడూ దగ్గరగా ఒకే అంకె చూపకపోతే ఆ సెట్టు తీసుకోవద్దు.

ఇంకో మాట థర్మోస్టాట్ గురించి. ఇంటి గీజర్‌లో నీళ్లు కాగగానే థర్మోస్టాటే నేరుగా కరెంటు తెంపుతుంది. మూడు ఫేజులను ఒక్క పోల్ థర్మోస్టాట్ తెంపలేదు. కాంటాక్టర్ (కాయిల్‌కు కరెంటిస్తే మూడు ఫేజులనూ కలిపే పెద్ద స్విచ్) కావాలి, థర్మోస్టాటూ ఓవర్‌హీట్ కటౌటూ దాని కాయిల్ సర్క్యూట్‌లో రావాలి. కాంటాక్టర్ మీద రెండు రేటింగులుంటాయి. హీటర్‌కు చూడాల్సింది ఏసీ-1, మోటార్‌కు ఏసీ-3. కాంటాక్ట్‌లు ఎప్పుడైనా అతుక్కుపోవచ్చు కాబట్టి ట్యాంకు మీద ప్రెషర్ రిలీఫ్ వాల్వు తప్పనిసరి.

## త్రీ ఫేజ్ మీటరున్న ఇంట్లో: ఒక పెద్ద హీటరా, మూడు చిన్న గీజర్లా?

నిజంగా తికమక పడే చోటు ఇది. మూడు బాత్రూమ్‌ల ఇంటికి త్రీ ఫేజ్ కనెక్షన్ ఉంటే రెండు దారులు.

మూడు సింగిల్ ఫేజ్ 3 కిలోవాట్ల గీజర్లు, ఫేజుకొకటి. మూడూ ఒకేసారి నడిచినా ఏ ఫేజు మీదా 13 ఆంప్స్ దాటదు, న్యూట్రల్‌లో కరెంటు దాదాపు సున్నా. ఒకటి పాడైతే రెండు ఉంటాయి. పైపుల్లో చల్లారే నీళ్లు తక్కువ. ఇంటికైతే మా ఓటు దీనికే.

కానీ రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. మన ఇళ్లలో ఒక ఫేజు పోయినప్పుడు ఫేజ్ సెలెక్టర్ తిప్పి ఉన్న ఫేజు మీదికి లోడ్ మార్చుకోవడం మామూలే. సెలెక్టర్ తిప్పి మర్చిపోతే మూడు గీజర్లూ ఒకే ఫేజు మీద పడతాయి: 39 ఆంప్స్. సెలెక్టర్ మీదే గీజర్లు రాకుండా, వాటిని నేరుగా ఫేజు మీద ఉంచడం ఉత్తమం. ఫేజు పోయిన పూట ఆ ఒక్క బాత్రూమ్‌లో వేడినీళ్లు ఉండవు, అంతే.

రెండోది న్యూట్రల్. మీటరు దగ్గర న్యూట్రల్ స్క్రూ వదులై తెగిపోయిందనుకోండి. ఆ క్షణంలో ఆర్ ఫేజు మీద 3 కిలోవాట్ల గీజర్ నడుస్తోంది, నిరోధం 17.6 ఓమ్‌లు. వై ఫేజు మీద టీవీ, రౌటర్ కలిపి 100 వాట్లు, సుమారు 529 ఓమ్‌లు. బీ ఫేజు ఖాళీ. ఇప్పుడీ రెండూ 400 వోల్టుల మధ్య వరుసగా ఉన్నట్టే. పంచుకుంటే గీజర్‌కు 13 వోల్టులు, టీవీకి 387 వోల్టులు. ఇంట్లో ఎల్ఈడీ బల్బులన్నీ ఒక్కసారిగా మండిపోయి పొగ వచ్చిందంటే చాలాసార్లు కారణం ఇదే. పెద్ద గీజర్లున్న త్రీ ఫేజ్ ఇంటికి ఓవర్ వోల్టేజ్ కటాఫ్ పరికరం ఒకటి మెయిన్‌లో పెట్టించడం, ఏడాదికోసారి న్యూట్రల్ స్క్రూలు బిగించడం అనవసర ఖర్చు కాదు.

రెండో దారి, ఒకే 9 కిలోవాట్ల త్రీ ఫేజ్ హీటర్, మేడ మీద ట్యాంకు, అన్ని బాత్రూమ్‌లకూ వేడి పైపులైను. లైను పొడవు ఎక్కువైతే వేడి నీళ్లు కుళాయి దాకా రావడానికి బకెట్ చన్నీళ్లు వృథా. ఇన్సులేషన్ లేకపోతే చలికాలం ఇంకా ఘోరం. ఇంటికంటే హాస్టళ్లకూ లాడ్జీలకూ ఇది నప్పుతుంది.

## హాస్టల్, లాడ్జి నడిపేవాళ్లకు

20 మంది, ఒక్కొక్కరికి 40 డిగ్రీల నీళ్లు 20 లీటర్లు. ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలు. మొత్తం 400 లీటర్లు. ఇవి 200 లీటర్లను 60 డిగ్రీలకు కాచి, అంతే చన్నీళ్లు కలిపితే వస్తాయి. కావాల్సిన వేడి 9.3 యూనిట్లు.

| 200 లీటర్ల ట్యాంకుకు హీటర్ | కాగడానికి సమయం | ఒక్కో లైన్ ఆంప్స్ |
|---|---|---|
| 3 కిలోవాట్లు, సింగిల్ ఫేజ్ | 3 గంటల 6 నిమిషాలు | 13.0 |
| 6 కిలోవాట్లు, త్రీ ఫేజ్ | 1 గంట 33 నిమిషాలు | 8.7 |
| 9 కిలోవాట్లు, త్రీ ఫేజ్ | 1 గంట 2 నిమిషాలు | 13.0 |

20 గదుల్లో 20 ఇన్‌స్టంట్ గీజర్లు పెడితే? ఆరు గంటలకు అందరూ ఒకేసారి వేస్తే 60 కిలోవాట్లు, త్రీ ఫేజ్ మీద సమంగా పంచినా లైన్‌కు 87 ఆంప్స్. దానికి తగ్గ కేబుల్, కాంట్రాక్టెడ్ లోడ్, దాని మీద నెలనెలా ఫిక్స్‌డ్ చార్జీలు కావాలి. 6 కిలోవాట్ల హీటర్ తెల్లవారుజామున నాలుగుకు టైమర్ మీద మొదలైతే ఆ పని 8.7 ఆంప్స్‌లోనే అయిపోతుంది. సాయంత్రం కూడా నీళ్లు కావాలంటే 9 తీసుకోండి. గదికో గీజర్ పెట్టడానికి సరైన కారణం ఒక్కటే: గదులు సగం ఖాళీగా ఉండే లాడ్జి. అక్కడ పెద్ద ట్యాంకు కాచి చల్లార్చుకోవడం దండగ.

మేడ మీద సోలార్ ఉన్నవాళ్లు బ్యాకప్ ఎలిమెంట్‌కు పై పట్టికలే వాడుకోవచ్చు. హీట్ పంపుకు మాత్రం అందులో కంప్రెసర్ ఉంది కాబట్టి వోల్టులతో పాటు పవర్ ఫ్యాక్టర్‌తోనూ భాగించాలి. 1000 వాట్లు తీసుకునే పంపు 0.9 దగ్గర 4.8 ఆంప్స్ లాగుతుంది.

## బిగించాక టాంగ్ టెస్టర్‌తో చూడాల్సింది

క్లాంప్ మీటర్‌నే మన ఎలక్ట్రీషియన్లు టాంగ్ టెస్టర్ అంటారు. దాని దవడల మధ్య ఒక్క వైరే ఉండాలి. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి పట్టుకుంటే సున్నా చూపిస్తుంది, గీజర్ పనిచేయడం లేదనుకుంటారు. సింగిల్ ఫేజ్ 2 కిలోవాట్ల గీజర్‌కు 8.7కు అటూ ఇటూగా రావాలి. తేడా ఉంటే ముందు వోల్టేజీ కొలవండి. వోల్టేజీ సరిగ్గా ఉండి ఆంప్స్ సున్నా అయితే థర్మోస్టాట్, కటౌట్, ఎలిమెంట్ వరుసగా చూడాలి.

త్రీ ఫేజ్ 9 కిలోవాట్ల హీటర్‌లో మూడు అంకెలే జబ్బు చెప్పేస్తాయి:

| మూడు లైన్ల ఆంప్స్ | కనెక్షన్ | జబ్బు | మిగిలిన కిలోవాట్లు |
|---|---|---|---|
| 13, 13, 13 | ఏదైనా | బాగుంది | 9 |
| 13, 13, 0 | న్యూట్రల్ ఉన్న స్టార్ | ఒక ఎలిమెంట్ కాలింది లేదా ఒక ఫేజు లేదు | 6 |
| 11.3, 11.3, 0 | న్యూట్రల్ లేని స్టార్ | అదే | 4.5 |
| 13, 7.5, 7.5 | డెల్టా | ఒక ఎలిమెంట్ కాలింది | 6 |
| 11.3, 11.3, 0 | డెల్టా | ఒక ఫేజు లేదు | 4.5 |

హాస్టల్‌లో "ఈమధ్య నీళ్లు సరిగ్గా కాగడం లేదు" అన్న ఫిర్యాదుకు చాలాసార్లు జవాబు ఈ పట్టికలోనే దొరుకుతుంది. మూడు ఎలిమెంట్లలో ఒకటి పోయినా హీటర్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి నెలల తరబడి ఎవరూ గమనించరు.

బోరు నీళ్లు వాడేచోట ఆంప్స్ సరిగ్గానే ఉండి కూడా ఎలిమెంట్లు త్వరగా పోతుంటే, గార చూడండి. తెల్లటి గార ఎలిమెంట్ చుట్టూ పేరుకుంటే కరెంటు తగ్గదు, వేడే నీళ్లలోకి వెళ్లదు. తొడుగు లోపల తీగ మరింత కాగి తెగుతుంది, లేదా తొడుగు పగిలి నీళ్లు లోపలికి దిగుతాయి. రెండో సందర్భంలో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తెంపే స్విచ్) పడుతుంది. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ గీజర్ వేయగానే పడుతుంటే, విసిగిపోయి దాన్ని బైపాస్ చేయించకండి. అది ఆపుతున్నది మీ ఒంట్లోంచి పోబోయే కరెంటును. గీజర్ వైర్లు విడదీసి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఎలిమెంట్‌కూ బాడీకీ మధ్య కొలిపించండి. ఒక మెగా ఓమ్ కంటే తక్కువ వస్తే ఆ ఎలిమెంట్ మార్చాల్సిందే. మారుస్తున్నప్పుడే మెగ్నీషియం యానోడ్ రాడ్ (ట్యాంకుకు బదులు తాను అరిగే కడ్డీ) కూడా విప్పి చూడండి. అది సన్నని పుల్లలా అరిగిపోయి ఉంటే కొత్తది వేయండి, లేదంటే తర్వాత తుప్పు తినేది ట్యాంకునే.